టెలిస్కోప్ కొనే ముందు, కొన్న తర్వాత: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడ మీద టెలిస్కోప్ పెట్టి ఇరుగుపొరుగు పిల్లలకు చంద్రుణ్ణి చూపించడం ఏళ్ళుగా అలవాటు. పిల్లలు చూసి దిగిపోతారు. వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళు మాత్రం ఆగి అడుగుతారు: ఎంతవుతుంది, ఏది కొనాలి, ఫొటోలు వస్తాయా? అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, వరసగా చదవక్కర్లేదు.

## ఇంకా ఏమీ కొనక ముందు

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. టెలిస్కోప్ కావాలని ఒకటే గొడవ. కొనిపెట్టమంటారా?

ఒక్క నెల ఆగండి. ఆ నెలంతా వట్టి కళ్ళతో ఆకాశం చూపించండి. చలికాలం సాయంత్రాల్లో పిల్లలకోడి (కృత్తికలు), వరసగా మూడు చుక్కల గొల్లకావడి, ఎండాకాలం మొదట్లో ఉత్తరాన మంచంకోళ్ళు. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఈ పేర్లు వాళ్ళే చెబుతారు, వాటితో పొద్దు లెక్కగట్టిన రోజులు కూడా చెబుతారు. టెలిస్కోప్‌లో ఒకసారి కనిపించే ఆకాశం మహా అయితే రెండు చందమామలు పక్కపక్కన పట్టేంత. దారి తెలియని పిల్లవాడికి ఆ చిన్న కిటికీలోంచి ఏదీ దొరకదు, వారానికే విసుగొస్తుంది. నెల తర్వాత కూడా అడుగుతుంటే అప్పుడు తప్పకుండా కొనండి.

బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టమంటున్నారు. డబ్బు దండగ కాదా?

కాదు. పెద్ద టెలిస్కోప్ కొన్నాక కూడా చేతికి ముందు దొరికేది అదే. 10×50 అని ఉన్నది తీసుకోండి: పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ 50 మి.మీ. వెడల్పు ఉంటుంది. గురుగ్రహం పక్కన నాలుగు ఉపగ్రహాలు, చంద్రుడి మీద పెద్ద గుంతలు, వృశ్చికం కొండి దగ్గర నక్షత్రాల గుంపులు, చీకటి ఊళ్ళో అయితే ఆండ్రోమెడా గెలాక్సీ, అన్నీ దొరుకుతాయి. ఆ గెలాక్సీ వెలుగు బయలుదేరి దాదాపు 25 లక్షల ఏళ్ళయింది. మోచేతులు పిట్టగోడకు ఆనించి చూడండి, వణుకు తగ్గుతుంది. 20×80 లాంటివి స్టాండ్ లేకుండా పట్టుకోలేం. జూమ్ ఉన్నవి వద్దు.

పెట్టె మీద 525 రెట్లు అని రాసి ఉంది. మంచిదేనా?

పెట్టె మీద రెట్ల సంఖ్యను పెద్ద అక్షరాల్లో వేశారంటే దాన్ని కొనవద్దు. ఆ 525 ఎలా వస్తుందో చెబుతాను. గొట్టం ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 మి.మీ., ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) 4 మి.మీ. భాగిస్తే 175. దానికి మూడు రెట్ల బార్లో లెన్స్ (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచేది) కలిపితే 525. లెక్క తప్పు కాదు, చూస్తే మాత్రం మసక తప్ప ఏమీ ఉండదు. లెన్స్ వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెట్టింపు వరకే పనికొచ్చే మాగ్నిఫికేషన్. 60 మి.మీ. టెలిస్కోప్‌కు 120 దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ కొత్త వివరం రాదు. ఎంత గొప్ప పరికరమైనా మన గాలి పొర కదలికల వల్ల చాలా రాత్రుళ్ళు 200, 250 దగ్గర ఆగిపోతుంది.

నేను కొన్న మొదటి టెలిస్కోప్ అలాంటిదే. స్టాండు ఎంత ఊగేదంటే, ఫోకస్ తిప్పడానికి చెయ్యి వేస్తే గురుగ్రహం గిలగిల కొట్టుకునేది. ఏడాదిపాటు అటక మీద పెట్టేశాను. ఇంకొకరి టెలిస్కోప్‌లో శనిని చూసేదాకా తప్పు నా కళ్ళదే అనుకున్నాను. మీ పిల్లలు అలా అనుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మరి ముఖ్యంగా చూడాల్సింది ఏమిటి?

అపెర్చర్. అంటే ముందున్న లెన్స్ లేదా అడుగునున్న అద్దం వెడల్పు. పోగయ్యే వెలుగు ఆ వెడల్పు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 70 మి.మీ. కంటే 150 మి.మీ. అద్దం నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. సన్నని వివరం కూడా దీనితోనే వస్తుంది: 116ను వెడల్పుతో (మి.మీ.లో) భాగిస్తే, ఆ టెలిస్కోప్ ఎన్ని ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకన్) దూరంలో ఉన్న జంట నక్షత్రాలను విడదీయగలదో వస్తుంది. రెండో విషయం స్టాండు గట్టిదనం. గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో వణుకు ఆగకపోతే అక్కడే వదిలేయండి.

మాది హైదరాబాద్ నడిబొడ్డు. ఇక్కడ ఏమైనా కనిపిస్తుందా?

చంద్రుడు, గురుడు, శని, శుక్రుడి కళలు, జంట నక్షత్రాలు నగరం నుంచి కూడా చక్కగా కనిపిస్తాయి. వాటి వెలుగు ముందు వీధిదీపాలు లెక్కలోకి రావు. పోయేవి గెలాక్సీలు, నీహారికలు.

ఈ నగరానికి గొప్ప ఖగోళ చరిత్ర ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. అక్కడ గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) ఉండేది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటో పలకల మీదికి ఎక్కించి, ప్రపంచ నక్షత్ర పట్టికకు మన వాటా అందించారు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పెరిగింది కూడా నిజామియా నీడలోనే, వాళ్ళ నాన్నగారు అక్కడ పనిచేసేవారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌ను నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నిలబెట్టింది.

మీరూ అదే చేయండి. నెలకు ఒకసారి ఊరు దాటండి. అనంతగిరి కొండలు దగ్గర్లోనే ఉన్నాయి, నల్లమల వైపు ఆకాశం ఇంకా నలుపు, రాయలసీమ వాళ్ళకు హార్స్‌లీ హిల్స్ ఉంది. అడవి దారుల్లో రాత్రిపూట రాకపోకలకు ఆంక్షలుంటాయి, ముందే కనుక్కుని వెళ్ళండి. అన్నిటికంటే మంచిది సొంతూళ్ళో పొలం గట్టు.

## మొదటి టెలిస్కోప్ ఎంచుకునేటప్పుడు

రిఫ్రాక్టర్ మంచిదా, రిఫ్లెక్టర్ మంచిదా?

లెన్స్‌తో పనిచేసేది రిఫ్రాక్టర్, అద్దంతో పనిచేసేది రిఫ్లెక్టర్. అదే డబ్బుకు అద్దం ఎక్కువ వెడల్పు వస్తుంది. లెన్స్‌కు నిర్వహణ తక్కువ, బాల్కనీలో చటుక్కున పెట్టుకోవచ్చు. మామూలు రిఫ్రాక్టర్లో మెరిసే వస్తువుల చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తుంది, ఈడీ గాజు (రంగులను తక్కువగా చీల్చే ప్రత్యేక గాజు) వాడిన వాటిలో అది చాలా తగ్గుతుంది, ధర పెరుగుతుంది. కళ్ళతో చూడటమే ముఖ్యమైతే నా ఓటు అద్దానికి. ఫొటోలకు చిన్న ఈడీ రిఫ్రాక్టర్.

డాబ్సోనియన్ అని అందరూ అంటున్నారు. అదేమిటి?

మామూలు అద్దం టెలిస్కోప్‌ను చెక్కపెట్టె లాంటి పీట మీద కూర్చోబెడితే అది డాబ్సోనియన్. పీట కుడిఎడమలకు, గొట్టం పైకీ కిందికీ తిరుగుతాయి, అంతే. దీన్ని జనంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ (1915–2014) శాన్ ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో ఇరవై ఏళ్ళకు పైగా సన్యాసిగా ఉన్నారు. దొరికిన గాజు తెచ్చి చేత్తో అద్దాలు అరగదీసి, కాలిబాట మీద టెలిస్కోప్ పెట్టి దారినపోయేవాళ్ళను పిలిచి చూపించేవారు. డబ్బంతా అద్దానికే పోవాలి, స్టాండుకు కాదు అన్నది దీని వెనుక ఆలోచన. 6 అంగుళాల (150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్) డాబ్ కంటే మంచి మొదటి టెలిస్కోప్ నాకు తెలియదు.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. 8 అంగుళాలది మోయగలనా?

8 అంగుళాల డాబ్ పీటతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. రెండు విడతలుగా మోయాలి, గొట్టం దాదాపు నాలుగడుగులు. మెట్లు ఇరుకైతే 6 అంగుళాలకు ఆగండి, అదీ బరువనిపిస్తే చిన్న బల్ల మీద పెట్టుకునే 5 అంగుళాల డాబ్ ఉంది. వారానికి రెండుసార్లు మేడెక్కే 5 అంగుళాలు మూలన పడి ఉన్న 10 అంగుళాల కంటే ఎక్కువ ఆకాశం చూపిస్తుంది.

ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నదే అసలైన టెలిస్కోప్ అంటున్నారు. నిజమా?

మౌంట్ అంటే టెలిస్కోప్‌ను మోసి తిప్పే స్టాండు భాగం; దాని అక్షాన్ని భూమి అక్షానికి సమాంతరంగా వంచితే అది ఈక్వటోరియల్. మంచిదైతే నిజంగా గొప్పదే, ఫొటోలకు తప్పనిసరి. కానీ తక్కువ ధర టెలిస్కోప్‌తో వచ్చేది సన్న కాళ్ళ మీద ఊగిపోతుంది. దాని వంకర అక్షాలు కొత్తవాళ్ళకు అయోమయం. చూడటానికి మాత్రమే అయితే వద్దు.

గోటూ ఉంటే వస్తువును అదే వెతికిపెడుతుందట కదా?

వెతికిపెడుతుంది, ముందు మీరు రెండు మూడు నక్షత్రాలు చూపించి దారి చెప్పాక. నగరంలో నక్షత్రాలే సరిగా కనపడని చోట ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే డబ్బు తక్కువగా ఉన్నప్పుడు మోటారుకు పోయేదంతా అద్దం వెడల్పులోంచి తగ్గుతుంది. ఈమధ్య ఫోన్‌ను టెలిస్కోప్‌కు తగిలిస్తే, ఫోన్ కెమెరా ఆకాశాన్ని గుర్తుపట్టి ఎటు తోయాలో బాణం గుర్తుతో చెప్పే మోడళ్ళు వచ్చాయి. అది మంచి మధ్యే మార్గం.

అమెరికాలో మా తమ్ముడు ఉన్నాడు, వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

ఐపీస్‌లు, కెమెరా, చిన్న రిఫ్రాక్టర్ అయితే సరే. పెద్ద డాబ్ సామానుగా రాదు, వచ్చినా పగిలే భయం. మూడు సంగతులు చూసుకోండి. వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. పరిమితి దాటిన విలువకు కస్టమ్స్ సుంకం కట్టాలి, బిల్లు దగ్గర ఉంచుకోమనండి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. వాటిని చేతి సంచిలోనే తేవాలి, మామూలుగా 100 వాట్-అవర్ల లోపువే అనుమతిస్తారు.

సెకండ్ హ్యాండ్‌ది కొనవచ్చా?

నిరభ్యంతరంగా. అద్దం మీద కాస్త దుమ్ము ఉన్నా పర్వాలేదు. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే సాలెగూడులా అల్లుకున్న గీతలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. వీలైతే రాత్రి ఒక నక్షత్రాన్ని చూసే కొనండి.

## పెట్టె తెరిచాక

అన్నీ బిగించి చూస్తే అంతా నల్లగా ఉంది. పాడైందా?

సాధారణంగా పాడై ఉండదు. ముందు మూత పూర్తిగా తీశారా చూడండి. బార్లో తీసేయండి. ఎక్కువ సంఖ్య ఉన్న ఐపీస్ (25 మి.మీ. లాంటిది) పెట్టండి, సంఖ్య పెరిగేకొద్దీ రెట్లు తగ్గుతాయి, ఆకాశం ఎక్కువ పడుతుంది. తర్వాత పట్టపగలు, సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా ఉన్న సెల్ టవరో గుడి గోపురమో టెలిస్కోప్ మధ్యకు తెచ్చి, ఫైండర్ (గొట్టం మీద గురి చూడటానికి ఉండే చిన్న టెలిస్కోప్) మరలు తిప్పి అదే శిఖరాన్ని ఫైండర్ మధ్యకు తెండి. ఈ పది నిమిషాల పని చేయక ఎంతోమంది మొదటి రాత్రే నిరాశపడతారు.

ఫొటోల్లో నీహారికలు ఎర్రగా, నీలంగా ఉంటాయి. నాకు బూడిదరంగు మరకే కనిపిస్తోంది. ఎందుకు?

మన కంట్లో రంగును పట్టే కణాలకు మసక వెలుగు చాలదు. చీకట్లో పనిచేసే కణాలకు రంగు తెలియదు. కెమెరా గంటల తరబడి వెలుగు పోగుచేసుకుంటుంది, కన్ను అలా చేయలేదు. అయితే చూపుకు శిక్షణ ఉంది. ఇరవై, ముప్పై నిమిషాలు ఫోన్ చూడకుండా చీకట్లో ఉండండి, లైటు కావాలంటే మసక ఎరుపుది వాడండి. మరక వైపు నేరుగా కాక కాస్త పక్కకు చూడండి, అది ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. గొల్లకావడి కింద ఉన్న నీహారికలో నాలుగు చిన్న నక్షత్రాల గుంపు కనిపించిన రాత్రి మీరు రంగుల సంగతి మరిచిపోతారు.

ఏ రోజుల్లో చూడటం మంచిది?

ఇంట్లో పంచాంగం చూడండి, అంతకంటే మంచి పట్టిక లేదు. చంద్రుడి గుంతలకు శుద్ధ పంచమి నుంచి నవమి వరకు. వెలుగునీడలు కలిసే గీత దగ్గర కొండల నీడలు పొడుగ్గా పడతాయి. పౌర్ణమినాడు నీడల్లేక అంతా చదునుగా ఉంటుంది. నీహారికలకు, గెలాక్సీలకు బహుళ దశమి నుంచి మళ్ళీ శుద్ధ చవితి దాకా. వానాకాలంలో మబ్బు విడిచే రాత్రుళ్ళు తక్కువ. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మన పంట కాలం. నక్షత్రాలు మరీ మినుకుమినుకుమంటుంటే గాలి కుదురుగా లేనట్టు, ఆ రోజు గ్రహాల జోలికి వెళ్ళకండి.

అదనంగా ఏ ఐపీస్ కొనాలి?

టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ సంఖ్యతో భాగిస్తే రెట్లు వస్తాయి. 1200 మి.మీ. గొట్టానికి 25తో 48, 10తో 120. దీనికి గ్రహాల కోసం, ఆకాశం ఎక్కువ పట్టే 6 మి.మీ. ఐపీస్ ఒకటి చాలు (200 రెట్లు). ఒకేసారి పది ఐపీస్‌ల పెట్టె వద్దు, అందులో సగం ఎప్పుడూ బయటికి రావు.

కాలిమేషన్ అంటే భయమేస్తోంది. తప్పదా?

రిఫ్లెక్టర్‌కు తప్పదు, భయపడేంత పనీ కాదు. రెండు అద్దాలూ ఒక వరసలో ఉండేలా అడుగునున్న మరలు తిప్పడమే. ప్రకాశమైన నక్షత్రాన్ని కొంచెం ఫోకస్ తప్పించి చూడండి, గారెలా కనిపిస్తుంది. చిల్లు సరిగ్గా మధ్యలో ఉంటే బాగున్నట్టు, పక్కకు జరిగి ఉంటే సరిచేయాలి. చెషైర్ ఐపీస్ అనే చిన్న సాధనం ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

సూర్యుణ్ణి చూడవచ్చా?

సరైన ఫిల్టర్ లేకుండా ఒక్క క్షణం కూడా వద్దు, కన్ను తిరిగి రాదు. ఫిల్టర్ గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పాలి, గాలికి ఊడిపోకుండా కట్టాలి. వాడే ముందు వెలుగుకు పెట్టి సూది బెజ్జాలున్నాయేమో చూడాలి. ఫైండర్‌కు మూత వేయాలి లేదా తీసేయాలి. ఐపీస్‌కు బిగించే నల్ల గాజు ఫిల్టర్ వస్తే పారేయండి, వేడికి పగులుతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు పనికిరావు. పిల్లలు ఉన్నప్పుడు టెలిస్కోప్‌ను ఎండలో ఒంటరిగా వదలకండి.

## ఫొటోల దారిలో

ఫోన్‌తో తీయవచ్చా?

చంద్రుణ్ణి హాయిగా తీయవచ్చు. ఐపీస్‌కు ఫోన్ పట్టే క్లాంపు కొనండి, టైమర్ పెట్టండి, వెలుగు తగ్గించండి. గురుడు, శనిని వీడియోగా తీస్తే మేలు.

నా దగ్గర కెమెరా, ట్రైపాడ్ ఉన్నాయి. పాలపుంత వస్తుందా?

వస్తుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి, దాదాపు అన్ని సెకన్లు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాపై 24 మి.మీ.కు 20 సెకన్లు. చిన్న సెన్సర్ కెమెరా అయితే మరో ఒకటిన్నరతో భాగించాలి, 14 సెకన్లు. సెన్సర్ పిక్సెళ్ళు బాగా చిన్నవైతే ఇంకా తగ్గించండి. ఇలాంటివి యాభై తీసి కలిపితే ఒక్క ఫొటోలో లేని వివరం బయటపడుతుంది.

ఫొటోలకు ముందు ఏం కొనాలి: టెలిస్కోప్, కెమెరా, మౌంట్?

మౌంట్. డబ్బులో సగం దానికే పోయినా బాధపడకండి. అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో గొట్టం వెంట్రుకంత తప్పినా నక్షత్రం కోడిగుడ్డవుతుంది. మౌంట్ మోస్తుందని చెప్పిన బరువులో సగం, మహా అయితే మూడింట రెండు వంతుల బరువే ఎక్కించండి. మీ కెమెరా, మామూలు లెన్స్, చిన్న స్టార్ ట్రాకర్‌తో (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే చిన్న మౌంట్) మొదలుపెడితే ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ఆ తర్వాత 250 నుంచి 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న రిఫ్రాక్టర్. పొడుగు ఫోకల్ లెంగ్త్ దగ్గరికి మొదటి ఏడాదే వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను.

కెమెరా, టెలిస్కోప్ జత కుదిరిందా అని చూడటానికి ఒక లెక్క: పిక్సెల్ కొలతను (మైక్రాన్లలో) 206తో హెచ్చించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 3.76 మైక్రాన్లు, 400 మి.మీ. అయితే పిక్సెల్‌కు 1.9 ఆర్క్‌సెకన్లు. ఒకటికీ రెండుకూ మధ్య ఉంటే మన ఆకాశానికి బాగా సరిపోతుంది.

మా మేడ మీది నుంచి ధ్రువ నక్షత్రం కనిపించదు. పోలార్ అలైన్‌మెంట్ ఎలా?

పోలార్ అలైన్‌మెంట్ అంటే మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టడం. ఇది మన అక్షాంశం తెచ్చిన చిక్కు. ధ్రువ నక్షత్రం హైదరాబాద్‌లో దిగంతం నుంచి పదిహేడు డిగ్రీల ఎత్తులో, తిరుపతిలో పద్నాలుగు లోపే ఉంటుంది. పక్కింటి నీళ్ళ ట్యాంకు చాలు దాన్ని మూసేయడానికి. కెమెరా తీసిన ఫొటోలోని నక్షత్రాలను గుర్తుపట్టి అక్షం ఎంత తప్పిందో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ధ్రువ నక్షత్రం కనిపించాల్సిన పనే లేదు.

చాలామంది గమనించనిది ఇంకొకటి. ఎక్కువ మౌంట్ల తయారీ ఐరోపా, అమెరికా అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని జరుగుతుంది. మన దగ్గర అక్షాన్ని అంత కిందికి వంచితే, కౌంటర్‌వెయిట్ (టెలిస్కోప్ బరువును సరితూచే దిమ్మ) వెళ్ళి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనే ముందు మౌంట్ కనిష్ఠ అక్షాంశం ఎంతో అడగండి. తగిలితే మౌంట్ కింద పెట్టే చిన్న స్తంభం లాంటి ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది.

ఈ అక్షాంశం మనకిచ్చినదీ ఉంది. లండన్‌లో అసలు ఉదయించని ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం, ఏప్రిల్, మే రాత్రుళ్ళలో హైదరాబాద్ దక్షిణాన పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

నా డాబ్‌కు కెమెరా బిగిస్తే ఫోకస్ కుదరడం లేదు. ఏం చేయాలి?

కళ్ళతో చూడటానికి చేసిన చాలా అద్దం టెలిస్కోపుల్లో బొమ్మ ఏర్పడే చోటు గొట్టానికి మరీ దగ్గరగా ఉంటుంది, డీఎస్ఎల్ఆర్ సెన్సర్ అంతవరకు వెళ్ళలేదు. బార్లో పెడితే ఫోకస్ బయటికి జరిగి చంద్రుడికి, గ్రహాలకు కుదురుతుంది. గ్రహాలను తీయడానికి చేసిన చిన్న కెమెరా అయితే నేరుగా సరిపోతుంది.

గురుడు, శని అంత స్పష్టంగా ఎలా తీస్తారు?

వీడియోతో. చిన్న సెన్సర్ కెమెరాతో రెండు మూడు నిమిషాల్లో వేల ఫ్రేములు తీస్తారు. గాలి ఒక్క క్షణం కుదురుకున్నప్పటి ఫ్రేములను ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏరి కలుపుతుంది. దీనికి మేడ మీది నగరపు ఆకాశం చాలు. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచువైపు తిరిగి గీతలా అయ్యాయి, అక్కణ్ణుంచి 2032 దాకా ఏటేటా విచ్చుకుంటాయి. ఇప్పుడు మొదలుపెట్టినవాళ్ళు ఆ మార్పునంతా సొంత ఫొటోల్లో దాచుకోవచ్చు.

సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోప్ కొంటే సరిపోదా?

నగరంలో ఉంటూ, రాత్రికి గంట మాత్రమే దొరికేవాళ్ళకు అది నిజంగా వరం. సీస్టార్ ఎస్50 రెండున్నర కిలోలు, 50 మి.మీ. లెన్స్, 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్. బాల్కనీలో పెట్టి ఫోన్‌లో వేలితో తాకితే నీహారిక క్రమంగా తెర మీద తేలుతుంది, ఇంట్లో ముసలివాళ్ళు కూడా మంచం మీంచే చూడవచ్చు. గ్రహాలు మాత్రం అందులో చుక్కలే, ఐపీస్ ఉండదు. కంటితో చూసే ఆనందం కావాలంటే దానితో తీరదు.

అందరూ ఎర్రటి నీహారికలు తీస్తున్నారు, నా డీఎస్ఎల్ఆర్‌లో ఎరుపు రాదు. కొత్త కెమెరా కొనాలా?

ఆ ఎరుపు హైడ్రోజన్ వెలుగు, 656 నానోమీటర్లది. మామూలు కెమెరాలో సెన్సర్ ముందున్న ఫిల్టర్ అందులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ మార్పించుకోవచ్చు. లేదా ఖగోళ ఫొటోలకే చేసిన, చల్లబరిచే కెమెరా తీసుకోవచ్చు. మన వేసవి రాత్రుళ్ళ వేడికి సెన్సర్‌లో రవ్వలు (నాయిస్) ఎక్కువ కాబట్టి ఆ చల్లదనం ఇక్కడ బాగా పనికొస్తుంది. నగరం నుంచి తీసేవాళ్ళకు హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగులను మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ మంచిది. గెలాక్సీలకు అది పెద్దగా సాయపడదు.

సాఫ్ట్‌వేర్‌కు చాలా ఖర్చవుతుందా?

మొదట్లో పైసా అక్కర్లేదు. ఎక్కడ ఏముందో స్టెల్లేరియం, ఫొటోలు కలపడానికి డీప్‌స్కైస్టాకర్, కలిపి మెరుగుపెట్టడానికి సిరిల్, అన్నీ ఉచితం.

## దాచుకోవడం, కాపాడుకోవడం

మేం విశాఖలో ఉంటాం. సముద్రపు గాలికి లెన్స్‌లు పాడవుతాయా?

తేమకు ఫంగస్ పడుతుంది, లెన్స్ పూతను తినేస్తుంది. ఐపీస్‌లు, కెమెరా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. సంచి రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడండి. రాత్రి మంచుకు తడిసిన టెలిస్కోప్‌ను వెంటనే మూత వేసి పెట్టెలో పెట్టకండి. గదిలో ఫ్యాన్ కింద, మూతి కిందికి వంచి తెల్లారేదాకా ఆరనిచ్చాకే మూయండి. తోలు సంచుల్లో దాచవద్దు, అవి తేమ పట్టి ఉంచుతాయి.

అద్దం మీద దుమ్ము పడింది. తుడవనా?

వద్దు. పొడి గుడ్డతో తుడిస్తే దుమ్ము రేణువులే గీతలు పెడతాయి, పైనున్న అల్యూమినియం పూత చాలా పలుచన. గాలి బుడ్డితో ఊదితే చాలు. మూడు నాలుగేళ్ళకొకసారి నిజంగా మురికిగా ఉంటే అద్దం బయటికి తీసి, పంపు నీళ్ళ ధార కింద పట్టి, రెండు చుక్కల సబ్బు నీళ్ళలో దూదిని బరువు లేకుండా లాగి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి, ఏటవాలుగా నిలబెట్టి ఆరనివ్వండి. ఉంగరాలు, గాజులు ముందే తీసేయండి.